డెబ్బై మూడో గడి

ప్రెస్సు విరిగిన రోజు పొద్దున తొమ్మిదిన్నరకి నేను పైగదిలో కూర్చుని, నా పనితనానికి నేనే మురిసిపోతూ టీ తాగుతున్నాను. మొదట చప్పుడేమీ లేదు. కప్పులోని టీ ఎగిరి నా ఒళ్ళో పడింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడుకి చెవులు మూసుకుపోయాయి. గదికీ షెడ్డుకీ మధ్య ఉన్న పెద్ద అద్దం ముక్కలై కిందికి జారిపోయింది.

లేచి తొంగిచూశాను. ఎర్రగా కాలిన ఇనుప ముద్దల్ని నొక్కి ఇరుసులు తయారుచేసే ప్రెస్సు అది. రెండంతస్తుల ఎత్తు, నాలుగు ఇనుప స్తంభాలు. ఇప్పుడు మూడే నిలబడి ఉన్నాయి. నాలుగోది నడిమికి విరిగింది. పై ముక్క షెడ్డుకి అడ్డంగా ఎగిరి అవతలి గోడలో దిగబడింది. దాని దారిలో పొడుగాయన ఉన్నాడు. పట్టకారుతో ముద్దని తిప్పే మనిషి, ఆరడుగుల మూడంగుళాల మనిషి. నేను చూసేసరికి ఆయన కాళ్ళూ నడుమూ ప్రెస్సు పక్కనే ఉన్నాయి. మిగిలింది గోడ దగ్గర ఉంది. పగిలిన గొట్టాల్లోంచి నూనె చిమ్మి ముద్ద మీద పడి భగ్గుమంటోంది.

హ్యాండిలు దగ్గర మా బావ. మా అక్క మొగుడు. కుడి చేతి చొక్కా అంటుకుని మండుతోంది, అది ఆయనకి తెలియడం లేదు. "పొడుగూ! ఒరేయ్ పొడుగూ!" అని అరుస్తూ ఆ కాళ్ళ వైపు పరిగెత్తుతున్నాడు. ఇద్దరు పట్టుకుని కింద పడేసి గోనెసంచులు కప్పితే తప్ప మంట ఆరలేదు.

వారం ముందే వీళ్ళిద్దరూ అదే చోట కొట్టుకున్నారు. ఫ్యాను కోసం. ఉన్నది ఒక్క ఫ్యాను, అది హ్యాండిలు వైపు తిప్పాలా, పట్టకారు వైపు తిప్పాలా అని. బావ పొడుగాయన పెదవి చీల్చాడు, పొడుగాయన బావ చొక్కా చించాడు, మర్నాటికి ఇద్దరూ ఒకే సిగరెట్టు పంచుకున్నారు. పద్దెనిమిదేళ్ళ జోడీ అది. కానీ కొట్టుకోవడం షెడ్డంతా చూసింది. సిగరెట్టు మాత్రం నేనొక్కదాన్నే పైనుంచి చూశాను.

ఇక నా సంగతి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బళ్ళో ఉన్నప్పుడు ఒకడి పన్ను ఊడగొట్టాను. ఉద్యోగంలో చేరాక ఒకడి మీద కుర్చీ విసిరాను. ఇలాంటి కోపిష్ఠిదానికి దొరికిన పనేమిటంటే, ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాముల్ని శుభ్రం చెయ్యడం. అంతకంటే ఓపిక కావాల్సిన పని భూమ్మీద లేదు. ఏ ముద్దకి ఎంత ఒత్తిడి ఇవ్వాలో లెక్కగట్టి ప్రెస్సుకి చెప్పే ప్రోగ్రాము ఫోర్ట్రాన్‌లోనే ఉంది. పదకొండు వేల లైన్లు. ముప్ఫై ఏళ్ళ కిందట ఒకే ఒక్క మనిషి రాశాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. రిటైరై చాలాకాలమైంది.

ఆ ప్రోగ్రాము చదవబోతే తల తిరుగుతుంది. నలభయ్యో నంబరుకి వెళ్ళు అంటుంది. అక్కడికి వెళితే తొమ్మిది వందలకి పొమ్మంటుంది. అక్కణ్ణించి మళ్ళీ వెనక్కి. పేర్లన్నీ ఒకటి రెండు అక్షరాలు. ఎవరూ పిలవని ముక్కలు, ఎప్పటికీ చేరలేని ముక్కలు, మూడు చోట్ల మూడు రకాలుగా రాసిన ఒకే లెక్క. చదువుతూ పెద్దాయన్ని తిట్టని రోజు లేదు, మెచ్చుకోని రోజూ లేదు.

దాని కోసమే నేనొక పనిముట్టు రాసుకున్నాను. చీపురు అని పేరు పెట్టాను. పాత ప్రోగ్రాముని మింగి, ఆ గంతులన్నీ తీసేసి, ఏది దేని లోపల ఉందో కంటికి కనబడేలా లైన్లని జరిపి, పనికిరానివి పక్కన పడేసి, కొత్త పద్ధతి ఫోర్ట్రాన్‌గా బయటికి ఇస్తుంది. అనుమానం వచ్చిన చోట ఆగి నన్ను అడుగుతుంది. ఏడు నెలలు పట్టింది. వెనకటి నూట పది పనుల లెక్కలు పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ నడిపించి చూశాను. చివరి అంకె దాకా ఒకే జవాబు. ఆ రోజు పొద్దున ఆరింటికి, షిఫ్టు మొదలవకముందే, పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టాను. మూడున్నర గంటల తర్వాత పొడుగాయన రెండు ముక్కలయ్యాడు.

పెద్ద మేనేజరు వచ్చాడు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని అయిదు నిమిషాలు చూశాడు. "ఆపరేటరు ముద్దని వంకరగా పెట్టించి నొక్కాడు. ఒక స్తంభం మీదే బరువంతా పడింది" అన్నాడు, నలుగురికీ వినబడేలా. అంతే, మధ్యాహ్నానికి ఆ మాట గేటు దాటింది. సాయంత్రానికి దానికి తోక కూడా మొలిచింది: ఫ్యాను దగ్గర కొట్టుకున్నారు కదా, బావ కావాలనే అలా పెట్టించి ఉంటాడని.

నేను పైగదిలో, పగిలిన అద్దం పక్కన కూర్చుని యంత్రం రాసిపెట్టుకున్న చిట్టా తీశాను. ప్రతి నొక్కుకీ ఎంత ఒత్తిడి పడిందో అందులో ఉంటుంది. స్తంభం విరిగినప్పుడు రెండు వందల ఎనభై బార్లు. కాగితాల ప్రకారం అది ప్రెస్సు గరిష్ఠం, తప్పేమీ లేదు. నిన్నటిది చూశాను. మొన్నటిది చూశాను. పోయినేడాదిది, అయిదేళ్ళ కిందటిది చూశాను. ఎక్కడా రెండు వందల నలభై దాటలేదు. హ్యాండిలు దగ్గర ఉండే పలక బార్లు చూపించదు, శాతమే చూపిస్తుంది. బావ మొండి ముద్ద వచ్చిన ప్రతిసారీ లాగినట్టే ఆ రోజూ హ్యాండిలు చివరిదాకా లాగాడు. పలక ఎప్పటిలాగే నూరు చూపించింది. ఇన్నేళ్ళూ నూరంటే రెండు వందల నలభై. ఆ పొద్దున రెండు వందల ఎనభై అయింది.

నేను పరీక్షించిన నూట పది పనులూ మెత్తటి ముద్దలవే. వాటిలో ఏ ఒక్కటీ గరిష్ఠం దాకా వెళ్ళేది కాదు.

గంటసేపు వెతికితే ఆ లైను దొరికింది. ఒక మాట చెప్పాలి. పాత ఫోర్ట్రాన్ చిల్లుల కార్డుల కాలంలో పుట్టింది. ఒక్కో లైనుకి ఒక్కో కార్డు, కార్డుకి ఎనభై గళ్ళు, గడికో అక్షరం. మొదటి ఆరు నంబర్లకీ గుర్తులకీ, ఏడు నుంచి డెబ్బై రెండు దాకా అసలు ప్రోగ్రాము. డెబ్బై మూడో గడి నుంచి ఏం రాసినా మనిషి చదువుకోవాల్సిందే, యంత్రం అటు చూడదు. కార్డులు పోయాయి గానీ ఆ అలవాటు పోలేదు. గరిష్ఠం లెక్కగట్టే లైను రెండు వందల నలభైతో మొదలై, వేడి సవరణా అదీ ఇదీ కలుపుతూ తీసేస్తూ పొడుగ్గా సాగి, సరిగ్గా డెబ్బై రెండో గడిలో ఆగుతుంది. డెబ్బై మూడులో ఒక కూడిక గుర్తు. దాని పక్కన నలభై. పాత యంత్రానికి ఆ నలభై లేదు. నా చీపురు ఊడ్చి ఇచ్చిన కొత్త ప్రోగ్రాములో లైనుకి అలాంటి హద్దు లేదు. అందులో ఆ నలభై ఉంది.

చీపురు నన్ను అడిగింది. నలభై ఒక్క లైన్లలో డెబ్బై రెండు దాటి ఏదో ఉంది, పారెయ్యనా, కలపనా అని అడిగింది. నేను మొదటి పన్నెండూ చూశాను. అన్నీ పెద్దాయన రాసుకున్న వ్యాఖ్యల చివర్లు, సగంలో తెగిన మాటలు. పాపం ముసలాయన మాట ఒక్కటి కూడా పోకూడదు అనుకున్నాను. అన్నీ కలుపు అని నొక్కాను. ఈ లైను ముప్ఫై మూడోది.

తప్పు నాది. ఇంతే, రెండు మాటలు. ఆ సాయంత్రమే కిందికి దిగి ఎవరితోనైనా అనాల్సింది. నా చేతికి ఉన్న ధైర్యం నా నోటికి లేదని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఇంటికి పోయి తలుపు వేసుకుని, అసలు ఆ నలభై రాసింది ఎవరు అని పళ్ళు కొరికాను.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన గదికి వెళ్ళాను. మేడ మీద ఒంటి గది. కిటికీకి అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటున్నాడు, సగం మొహం నురగ. నన్ను చూసి కత్తి దించాడు.

"విన్నానమ్మా. నాలుగో స్తంభమేనా?" అన్నాడు.

"ఆ నలభై మీరే రాశారా?"

"నేనే."

"ఎందుకు కలిపారు?"

"కలపలేదమ్మా. కలిపినట్టు కనబడేలా రాశాను." మంచం అంచున కూర్చున్నాడు. "ఇరవై ఏళ్ళ కిందట ఆ స్తంభం చీలింది. అతుకు పెట్టారు. రెండొందల నలభై దాటితే అతుకు నిలవదని చెప్పాను. ఇప్పటి పెద్ద మేనేజరు అప్పుడు ఇంజినీరు. రెండొందల ఎనభై చెయ్యి, నీ వల్ల కాకపోతే నీ కుర్చీలో ఇంకోడు కూర్చుని చేస్తాడు అన్నాడు. నిజమే, వాడు చేస్తాడు. అందుకని నేనే చేశాను. అచ్చు కాగితం మీద నలభై చూసి సంతకం పెట్టాడు. మిషను దాన్ని చూడలేదు."

"ఎవరికైనా చెప్పి చావచ్చు కదా! నాకు చెప్పచ్చు కదా!"

"చెబితే ఎవరో ఒకరు సరిచేస్తారమ్మా. అందుకే పెళ్ళానికి కూడా చెప్పలేదు." మళ్ళీ కత్తి గడ్డానికి ఆనించి నా మొహంలోకి చూశాడు. "నువ్వు ఊడ్చే మిషనేదో చేశావని విన్నాను. మంచిది చేశావన్నారు. డెబ్బై రెండు దాటినవాటి గురించి అది నిన్ను అడగలేదా?"

"అడిగింది."

"నువ్వేమన్నావ్?"

చెంప మీద కొట్టాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని. కత్తి జారి ఆయన గడ్డం కింద తెగింది. నురగలోంచి నెత్తురు మెడ మీదికి కారింది. నా అరచెయ్యి నిండా సబ్బు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, అరవనూ లేదు.

"కొట్టావు, సరే. అడిగినదానికి జవాబు చెప్పు" అన్నాడు.

మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగిపోయాను.

అక్కణ్ణించి నేరుగా పెద్ద మేనేజరు గదికి. తలుపు తట్టలేదు, తన్నాను. "అతుకు పెట్టిన స్తంభానికి రెండొందల ఎనభై రాయించింది నువ్వు" అన్నాను. ఆయన లేచి, బీరువాలోంచి పాత కాగితం తీసి బల్ల మీద పరిచాడు. పెద్దాయన లైను, కింద ఈయన సంతకం.

"ఇందులో ఎంతుంది? రెండొందల ఎనభై. నిన్నటి నీ ప్రోగ్రాములో ఎంతుంది? రెండొందల ఎనభై. మరి మారిందేమిటమ్మా?" అన్నాడు మెల్లగా. "ఏదీ మారలేదు. నువ్వూ మార్చలేదు, నేనూ మార్చలేదు. ముద్ద వంకరగా పడింది. మీ బావ కావాలని చేశాడని మేం రాయం. అజాగ్రత్త అని రాస్తాం. అంతకంటే ఏం చెయ్యమంటావ్?"

బల్ల మీద గాజు పేపర్‌వెయిట్ ఉంది. తీసి విసిరాను. ఆయన నుదురు చిట్లి కనుబొమ మీదికి రక్తం కారింది. నేను మీద పడి కాలరు పట్టుకునేలోపు కాపలావాడు వెనక నుంచి నన్ను చుట్టేశాడు. పెద్ద మేనేజరు రుమాలు తీసి నుదుటికి అద్దుకుంటూ, "వదిలెయ్ ఆవిణ్ణి" అన్నాడు. "నువ్వు నన్ను కొట్టావని నేను ఎవరితోనూ అనను. ఆ చీపురో ఏదో, దాని సంగతి నువ్వు ఎవరితోనూ అనకు. నీ ఉద్యోగం నీది."

చిత్రమేమిటంటే, ఆ మాటకి నాకు కోపం రాలేదు. ఊపిరి తేలికపడింది. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం అదే.

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాను. బావ చేతికి కట్టుతో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అక్క ముద్దలు కలిపి పెడుతుంటే చిన్నపిల్లాడిలా నోరు తెరుస్తున్నాడు. నాకూ వడ్డించింది. నేను తిన్నాను కూడా.

"ఏం మరదలా, ఎవరిని కొట్టొచ్చావ్? చెయ్యి ఎర్రబడింది" అన్నాడు బావ. నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నువ్వు పైనుంచి చూస్తుంటావు కదా. ముద్ద మధ్యలోనే ఉంది కదూ? నేను సరిగ్గానే పెట్టించాను కదూ?"

"ఉంది బావా. మధ్యలోనే ఉంది" అన్నాను.

"మరి స్తంభం ఎందుకు విరిగిందే?" అంది అక్క.

నీళ్ళు తాగాను. విచారణలో తేలుస్తారులే అన్నాను. అక్క నా వంక ఒక్క క్షణం ఎక్కువ చూసి, కంచాలు తీసింది.

కాలిన చేతికి మందు అయిపోయిందని బావ వీధి చివర దుకాణానికి బయల్దేరాడు. నేను తెస్తానంటే వినలేదు, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది అన్నాడు. పది నిమిషాలు కాలేదు, సందులోంచి కేక వినబడింది. బావ గొంతే.

పరిగెత్తాను. పొడుగాయన అన్నదమ్ములిద్దరు. పెద్దవాడు లారీ నడుపుతాడు, చిన్నవాడు వెల్డింగు చేస్తాడు. చిన్నవాడు బావని వెనక నుంచి చేతులు విరిచి పట్టుకున్నాడు, ఆ కాలిన చెయ్యితో సహా. లారీవాడి చేతిలో జాకీ రాడ్డు. అప్పటికే బావ మోకాళ్ళ మీద ఉన్నాడు. పక్కటెముకల మీద ఒక దెబ్బ పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు వినబడింది. "ఫ్యాను కోసం చంపుతావురా మా తమ్ముణ్ణి? ఫ్యాను కోసం?" అని అరుస్తున్నాడు. అరుస్తూ ఏడుస్తున్నాడు. ఇంకో దెబ్బ భుజం మీద. వీధిలో తలుపులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుంటున్నాయి.

నేను చిన్నవాడి మీద పడి చెవి కొరికాను. నోట్లోకి నెత్తురు వచ్చింది. వాడు మోచేత్తో పొడిస్తే గోడకి కొట్టుకుని పడ్డాను. లేచి లారీవాడి చేతికి వేలాడాను. గోళ్ళతో మొహం రక్కాను. అతను నన్ను దులిపేశాడు. నేను కింద పడి, గొంతు చించుకుని, "ఆయన తప్పు కాదు! ఆయన ఏ తప్పూ చెయ్యలేదు!" అని అరిచాను.

లారీవాడు ఆగాడు. నిజంగానే ఆగాడు. రాడ్డు గాల్లోనే ఉంది. నా వైపు తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు, నేను రక్కిన చోట నెత్తురు.

"మరి ఎవరిదే? చెప్పు. ఆయనది కాదు కదా, మరెవరిది తప్పు?"

చెప్పచ్చు. నోరు తెరిచాను కూడా. నా ఎదురుగా రాడ్డు ఉంది, దాని వెనక అంత మనిషి ఉన్నాడు. నీళ్ళు నమిలాను. రెండో మూడో క్షణాలు. అతను అంతసేపూ చూశాడు.

రాడ్డు దిగింది. బావ తల తిప్పుకోబోయాడు, అందుకని అది నుదుటి మీద పడకుండా ఎడమ కంటి మీద పడింది.

ఆసుపత్రిలో రాత్రంతా అక్క వార్డు బయట నేల మీద కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను. కన్ను పోయిందని పొద్దున చెప్పారు. పక్కటెముకలు మూడు విరిగాయి. అక్క ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే చంపేసేవాళ్ళే చిన్నీ. నువ్వే అడ్డం పడ్డావట" అంది. ఆ చెయ్యి ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియలేదు.

పదిన్నరకి బావకి తెలివి వచ్చింది. మొహం సగం కట్టు, ఉన్న కన్ను వాచి గీతలా ఉంది. అక్క తడి గుడ్డతో పెదవులు తుడిచింది. ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"మరదలా, నువ్వు అబద్ధం చెప్పావు కదూ?"

నేను మంచం పట్టీ పట్టుకున్నాను.

"ముద్ద మధ్యలో లేదు కదూ?" అన్నాడు. "నన్ను ఓదార్చడానికి అన్నావు. రాత్రి నుంచి అదే ఆలోచిస్తున్నా. పొడుగు ముద్ద పెట్టాక నేను సరిగ్గా చూడలేదేమో. ఫ్యాను గొడవ మనసులో ఉండిపోయిందేమో. నేనే చంపానేమోనే. వాళ్ళు కొట్టింది న్యాయమేనేమో."

అప్పుడే వార్డు తలుపు తోసుకుని ఆ అన్నదమ్ములు వచ్చారు. అంత్యక్రియలు అయి నేరుగా వచ్చినట్టున్నారు, బట్టలకి బూడిద. పెద్ద మేనేజరు గేటు దగ్గర కాగితం అంటించాడట: ఆపరేటరు అజాగ్రత్త వల్ల అని. "కాగితం కూడా వచ్చింది. ఇంకేం కావాలి?" అన్నాడు లారీవాడు. రాడ్డు చొక్కా కింద నుంచి తీశాడు. నర్సు కేక పెట్టి బయటికి పరిగెత్తింది. చిన్నవాడు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు, చెవికి కట్టుతో. అక్క మంచం మీదికి ఒరిగి బావని రెండు చేతులతో కప్పేసింది. బావ ఆవిణ్ణి పక్కకి నెడుతూ, "కొట్టనీ, కొట్టనియ్యవే. నేనే చంపాను" అంటున్నాడు.

నేను మంచానికీ అతనికీ మధ్య నిలబడ్డాను.

"తప్పు నాది" అన్నాను.

అన్నీ చెప్పాను. అతుకు సంగతి, పెద్దాయన దాచిన నలభై, యంత్రం చూడని గళ్ళు, నా చీపురు నన్ను అడగడం, నేను పన్నెండు చూసి మిగతావి చూడకుండా నొక్కడం. ఇరవై ఏళ్ళు ఆ స్తంభాన్ని కాచిన లైనుని నేను ఒక్క పొద్దుటిపూట చెరిపేశానని, బావ రోజూ చేసిన పనే చేశాడని చెప్పాను. లారీ నడిపే మనిషికి ఇదంతా ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. మొత్తం అర్థమైంది అతనికి.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మొన్న సాయంత్రం."

అతని మొహంలో రంగు పోయింది. మంచం మీద కట్టు వంక చూశాడు, నా వంక చూశాడు.

"నిన్న అడిగాను కదే నిన్ను" అన్నాడు. "చెయ్యి ఆపి మరీ అడిగాను కదే! నువ్వొక్క మాట అనుంటే ఆ మనిషి కన్ను నేనెందుకు తీస్తాను?"

రాడ్డు అతని చేతిలోంచి జారి నేల మీద పడింది. అతను గోడ పట్టుకుని కూలబడ్డాడు.

దాన్ని తీసింది మా అక్క.

మంచం మీంచి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. నన్ను పెంచింది ఆవిడ. అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆవిడ. జీవితంలో నన్నొక్క దెబ్బ వెయ్యలేదు, వీధిలో నేను తెచ్చిన తగాదాలకి నా తరఫున తిట్లు తింది. ఆ అక్క రెండు చేతులతో రాడ్డు ఎత్తింది. నేను తప్పుకోలేదు. చెయ్యి మాత్రం అడ్డం వచ్చింది, దానంతట అదే. మొదటి దెబ్బకి కుడి మణికట్టు విరిగింది. రెండో దెబ్బ వేళ్ళ మీద, మంచం ఇనుప పట్టీకేసి. నేను అరిచిన అరుపు నాకే వేరే ఎవరిదోలా వినబడింది. మూడోసారి ఎత్తింది.

లారీవాడు లేచి వెనక నుంచి ఆవిణ్ణి పట్టుకున్నాడు. "వద్దమ్మా. వద్దు. చాలు" అని ఏడుస్తున్నాడు. అక్క అతని చేతుల్లో గింజుకుంటూ, "నా ఇంట్లో కూర్చుని తిన్నావే! నా కళ్ళెదుట కూర్చుని తిన్నావే! నేనడిగాను కదే!" అంటోంది. బావ మంచం మీంచి, "ఏమైంది, ఎవరు, ఏమైంది" అంటూ చేత్తో తడుముతున్నాడు.

ఎంతసేపటికో అందరూ అలిసిపోయారు. చిన్నవాడు తలుపు దగ్గరే నేల మీద కూర్చున్నాడు. డాక్టరు వచ్చి నా చెయ్యి చూసి ఎముకల వార్డుకి పొమ్మన్నాడు. నేను కదల్లేదు.

"ఇదంతా కాగితం మీద పెట్టాలి" అన్నాడు లారీవాడు, మొహం తుడుచుకుంటూ. "ఆ మేనేజరు కాగితం మీద వీళ్ళాయన పేరుంది. దాని పక్కన ఇది ఉండాలి. పోలీసులకి నేనే ఇస్తాను. నేను చేసింది కూడా రాయించు."

నర్సు బల్ల మీంచి కాగితం, కలం తెచ్చాడు. నా ముందు పెట్టాడు. కుడి చెయ్యి వాచి నీలంగా తిరిగింది, వేళ్ళు ఎటు వంగాలో అటు వంగి లేవు. ఎడమ చేత్తో కలం పట్టుకుంటే జారిపోయింది. రెండుసార్లు జారిపోయింది.

అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. నా మొహం చూడలేదు. కలం తీసుకుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని, "చెప్పు" అంది.

నేను చెప్పాను, ఆవిడ రాసింది. చీపురు అంటే ఏమిటో అడిగింది, చెప్పాను. గళ్ళు ఎన్ని అని అడిగింది, చెప్పాను. ఎక్కడా తొందరపడలేదు, ఒక్క మాట కొట్టెయ్యలేదు. పొడుగాయన దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి కాసేపు ఆగింది, మళ్ళీ సాగింది. రెండు పేజీలు నిండాయి. చివర్న కలం ఎత్తి, మొదటిసారి నా వంక చూసింది.

"మొన్న సాయంత్రమే తెలుసన్న సంగతి కూడా రాయనా?"

"రాయక్కా" అన్నాను.